హైనాన్‌లో అలీపే: వైజాగ్ నుంచి కాపురం పెట్టడానికి వెళ్ళేవాళ్ళ కోసం సమీక్ష

విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చైనాలోని హైనాన్ దీవికి దక్షిణపు కొసనున్న సాన్యా 18.2 మీద ఉంది. అందుకే ఉద్యోగానికో, పాఠాలు చెప్పడానికో అక్కడికి వెళ్ళే మన వాళ్ళకి ఎండ, ఉక్కపోత, ఉప్పుగాలికి తుప్పుపట్టే తాళాలు, కొబ్బరిచెట్లు, తుపాను హెచ్చరికలు ఏవీ కొత్తగా అనిపించవు. కొత్తగా అనిపించేది డబ్బు కట్టే పద్ధతి. కొబ్బరిబోండాం మొదలుకొని కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ దాకా అంతా ఫోన్‌లోనే, అలీపే లాంటి చెల్లింపు యాప్‌లతో జరిగిపోతుంది. ఫోన్‌పేకి అలవాటుపడ్డ చేతికి ఇదెంత పని అనుకుంటారు. స్కాన్ చేయడం నిజంగానే రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఖాతా పూర్తిగా నిలదొక్కుకోవడానికి మాత్రం నెలో రెండు నెలలో పడుతుంది. ఆలస్యానికి కారణం చాలాసార్లు ఒక్కటే: మన పేరు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. హైనాన్‌లో ఉండేవాళ్ళకి అలీపే లేకుండా గడవదు. చైనా బ్యాంకు ఖాతా జోడించాక అయిదుకి నాలుగున్నర ఇస్తాం. మన దేశపు కార్డు మీదే నడిపితే మూడు. ఈ రెంటి మధ్య తేడా ఎక్కడ వస్తుందో, మూడు నుంచి నాలుగున్నరకి త్వరగా ఎలా చేరాలో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందు మన కార్డుతో ఏం జరుగుతుందో చూద్దాం. వీసా, మాస్టర్‌కార్డు గుర్తున్న కార్డుల్ని అలీపేలో నేరుగా జోడించుకోవచ్చు, చైనా బ్యాంకు ఖాతా అక్కర్లేదు. రూపే కార్డు ఎక్కదు. యూపీఐ యాప్‌లు అక్కడి క్యూఆర్ బొమ్మని గుర్తుపట్టవు. ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపు ఉంటే అలీపే రుసుమేమీ తీసుకోదు. 200 దాటితే మొత్తం మీద 3 శాతం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 3 శాతం 200 పైన మిగిలిన ముక్క మీద కాదు, మొత్తం బిల్లు మీద. 198 యువాన్ల సరుకుకి రుసుము సున్నా, 210 యువాన్ల సరుకుకి 6 యువాన్ల 30 ఫెన్‌లు (ఫెన్ అంటే యువాన్‌లో వందో వంతు). సూపర్‌మార్కెట్లో బిల్లు 380 వచ్చేలా ఉంటే సరుకుని రెండు కుప్పలుగా పెట్టి రెండు బిల్లులు వేయమని అడగండి, మొహమాటపడనక్కర్లేదు.

దీనికి తోడు మన బ్యాంకు తన వంతు తీసుకుంటుంది. విదేశీ మారకపు రుసుము సాధారణంగా కార్డుని బట్టి 2 నుంచి 3.5 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. 3.5 శాతం కార్డుతో 1,000 యువాన్లు కట్టారనుకోండి. అలీపేకి 30, బ్యాంకుకి 36, జీఎస్టీ ఆరున్నర, వెరసి 72 యువాన్లు రుసుములకే పోతాయి. నెల ఖర్చంతా ఇలా కడితే మంచి బియ్యం రెండు బస్తాల డబ్బు ఊరికే పోయినట్టు. అందుకే మన కార్డుని మొదటి నెల గండం గట్టెక్కించే సాధనంగానే చూడాలి.

పరిమితుల సంగతి ఇబ్బంది కాదు. 2024లో విదేశీ కార్డుల మీద ఒక్క చెల్లింపుకి ఉన్న హద్దుని 1,000 డాలర్ల నుంచి 5,000కి, ఏడాది హద్దుని 10,000 నుంచి 50,000కి పెంచారు. అసలు ఇబ్బంది వేరే ఉంది. విదేశీ కార్డు జోడించిన ఖాతాతో దుకాణానికి కట్టగలరు గానీ మనిషికి పంపలేరు. ఇంటి యజమానికి అద్దె పంపడం కుదరదు, తోటి ఉద్యోగికి భోజనం డబ్బు తిరిగివ్వడం కుదరదు. రోడ్డు పక్కన బండి మీద అమ్మేవాళ్ళలో కొందరు వ్యాపార ఖాతా క్యూఆర్ బదులు సొంత ఖాతా క్యూఆర్ అంటిస్తారు, దాని దగ్గరా చెల్లింపు ఆగిపోతుంది. అప్పుడు పదేపదే ప్రయత్నించకుండా నోటు తీయండి. నోట్లు కాదనకూడదని అక్కడి కేంద్ర బ్యాంకు నిబంధన ఉంది, కానీ బండివాడి దగ్గర వందకి చిల్లర ఉండదు. పది, ఇరవై యువాన్ల నోట్లు దగ్గర పెట్టుకుంటే మాటే అక్కర్లేదు.

వైజాగ్‌లో బయల్దేరేముందు చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అక్కడికెళ్ళాక ఇవి చేయడం చాలా కష్టం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డుల మీద విదేశీ వాడకం మనం తెరిచేదాకా మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం రెండూ తెరవాలి, పక్కనే ఉండే రోజు పరిమితి సున్నా మీద లేకుండా చూసుకోవాలి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు తీసుకెళ్ళండి. ఒకటి అనుమానమొచ్చి ఆగిపోయినా రెండోది ఉంటుంది.

కార్డు జోడించేటప్పుడు ఓటీపీ మన నంబరుకే వస్తుంది. కాబట్టి మన సిమ్‌కి రోమింగ్ ఇక్కడుండగానే తెరిపించాలి. మన బ్యాంకు యాప్‌లు చాలావరకు ఆ సిమ్ అదే ఫోన్‌లో ఉంటేనే తెరుచుకుంటాయి. సిమ్ తీసి పర్సులో దాచి చైనా సిమ్ వేసుకున్నారంటే కార్డూ యాప్ రెండూ ఒకేసారి చేజారిపోతాయి. రెండు సిమ్‌ల ఫోన్ కొనడమే దీనికి మందు. ఇంకో సంగతి, గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌వర్కు మీద తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్ డేటా మీద మాత్రం సాధారణంగా పనిచేస్తాయి. మొదటి రెండు మూడు రోజులకి రోమింగ్ ప్యాక్ వేసుకుంటే ఇంటికి కబురు చెప్పడానికీ, ఓటీపీలకీ ఒకే ఖర్చుతో సరిపోతుంది. చైనీస్ నుంచి ఇంగ్లీషుకి మార్చే అనువాద ఫైలు నెట్ లేకపోయినా పనిచేసేలా ముందే దించుకోండి.

వీసా సంగతి ఒక్క ముక్కలో: హైనాన్ అంటే వీసా లేకుండా 30 రోజులు ఉండొచ్చన్న మాట మీద నమ్మకం పెట్టుకోకండి. ఆ సౌకర్యం 2018లో 59 దేశాలకి ఇచ్చారు, ఆ జాబితాలో మన దేశం లేదు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు జడ్ వీసా మీదే వెళ్ళాలి.

ఇక పేరు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే అలీపే మీద మన వాళ్ళ ఫిర్యాదుల్లో చాలావరకు నిజానికి పేరు ఫిర్యాదులే.

చైనా వాళ్ళ పేరు రెండు మూడు అక్షరాల్లో అయిపోతుంది. ఫారంలో గడి కూడా ఆ కొలతకే ఉంటుంది. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు రెండు మూడు మాటలుగా ఇంకో గడిలో ఉంటాయి. వెంకట సత్యనారాయణ అన్న పేరునే చూడండి. ఇంగ్లీషులో రాస్తే మధ్య ఖాళీతో కలిపి 21 అక్షరాలు, ఇంకా ఇంటిపేరు చేరలేదు. సిమ్ ఇచ్చే కౌంటర్లో ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, బ్యాంకులో ఇంకొకరు చివర రాస్తారు. ఒకచోట మాటల మధ్య ఖాళీ ఉంటుంది, ఇంకోచోట మూడు మాటలూ కలిసిపోయి ఒకే తాడులా ఉంటాయి. మనిషి కంటికి ఇవన్నీ ఒకే పేరు. కంప్యూటర్‌కి నలుగురు వేర్వేరు మనుషులు.

అలీపేలో చైనా బ్యాంకు కార్డు జోడించేటప్పుడు నాలుగు అంశాలు కలవాలి: పేరు, పాస్‌పోర్టు నంబరు, కార్డు నంబరు, బ్యాంకులో నమోదైన ఫోన్ నంబరు. ఏ ఒక్కటి తేడా వచ్చినా సమాచారం సరిపోలలేదని వస్తుంది, ఏది సరిపోలలేదో చెప్పదు. మన వాళ్ళు కార్డు నంబరు మళ్ళీ మళ్ళీ కొడతారు. తప్పు సాధారణంగా అక్కడ ఉండదు, పేరులో ఖాళీ దగ్గర ఉంటుంది.

చేయాల్సింది ఇది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి. పై వరసలో ఇంటిపేరు ముందు, రెండు బాణం గుర్తుల తర్వాత పేరు, మాటల మధ్య ఒక్కో గుర్తు. ఆ క్రమాన్నే మీ పేరుగా ఖాయం చేసుకోండి: ఇంటిపేరు ముందు, తర్వాత పేరు, అన్నీ పెద్దక్షరాలు, మాటల మధ్య ఒక్క ఖాళీ. ఒక కాగితం మీద అలా టైపు చేయించి సిమ్ కౌంటర్లో, బ్యాంకులో, ఆఫీసు ఫారాల్లో అదే చూపించండి. బ్యాంకు గుమాస్తా టైపు చేశాక తెర మీద చూపించమని అడగండి, సంతకం పెట్టకముందే. సంతకం తర్వాత మార్చడమంటే మళ్ళీ టోకెను, మళ్ళీ క్యూ. బ్యాంకు కంప్యూటర్ వేరే క్రమంలోనే రాయక తప్పదంటే ఆ అచ్చు ఎలా ఉందో ఫొటో తీసుకుని, అలీపేలో అచ్చంగా అలాగే కొట్టండి. కార్డు జోడించడానికి నెగ్గేది బ్యాంకు రాసిన రూపమే.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరంతా ఒకే గడిలో ఉన్న పాస్‌పోర్టులు మన జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ప్రయాణానికి మూడు నెలలుంటే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో దాన్ని సరిచేయించుకునే వెళ్ళండి. డిగ్రీ పట్టాలో ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరం ఉన్నవాళ్ళూ జాగ్రత్తపడాలి, వర్క్ పర్మిట్‌కి ఇచ్చే కాగితాల్లో పట్టా మీది పేరూ పాస్‌పోర్టు మీది పేరూ ఒకరివేనని చూపించాల్సి వస్తుంది. పెళ్ళయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి పాస్‌పోర్టులో మారని ఆడవాళ్ళ విషయంలో అక్కడ ఆధార్ ఎవరూ అడగరు. పాస్‌పోర్టు ఒక్కటే లెక్క.

విమానం దిగాక వరస తప్పకూడదు. దీవి రాజధాని హైకోవ్‌లో మేలాన్ ఎయిర్‌పోర్టులో దిగినా, సాన్యాలో ఫీనిక్స్ ఎయిర్‌పోర్టులో దిగినా మొదటి పని బస నమోదు. హోటల్లో దిగితే వాళ్ళే చేస్తారు. ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆ పేట పోలీసు స్టేషన్‌కి వెళ్ళి నమోదు చేయించుకోవాలని చట్టం. పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం, యజమాని గుర్తింపు కాగితం నకలు పట్టుకెళ్ళాలి. అక్కడిచ్చే చిన్న కాగితం పారేయకండి, నివాస అనుమతికి మళ్ళీ అడుగుతారు. జడ్ వీసా వాళ్ళు దిగిన 30 రోజుల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఆ పని జరుగుతున్నప్పుడు పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది, మీ చేతిలో రశీదు మాత్రం ఉంటుంది. పాస్‌పోర్టు లేకుండా సిమ్ ఇవ్వరు. అందుకని దరఖాస్తుకి ముందే సిమ్ తీసుకోండి. ఎయిర్‌పోర్టు బల్ల దగ్గర కాకుండా కంపెనీ సొంత పెద్ద దుకాణంలో తీసుకోండి, పేరు తప్పు పడితే దిద్దే అధికారం వాళ్ళకుంటుంది.

బ్యాంకు ఖాతాకి సాధారణంగా నివాస అనుమతి వచ్చాకే వెళ్ళాలి. పాస్‌పోర్టు, అనుమతి, ఉద్యోగ ఒప్పందం, చైనా నంబరు ఉన్న ఫోన్ చేతిలో ఉండాలి. మన వాళ్ళు తరచూ మర్చిపోయేది పాన్ నంబరు. మీరు ఏ దేశానికి పన్ను కడతారో రాయించే ఫారం ఒకటి ఉంటుంది, అందులో మన దేశం అని రాస్తే పాన్ అడుగుతుంది. కార్డు చేతికొచ్చాక అలీపేలో జోడించి, మన వీసా కార్డుని రెండో వరసకి నెట్టేయండి. ఏ కార్డు నుంచి డబ్బు ముందు పోవాలో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. ఇది చేయకపోతే చైనా కార్డు ఉండి కూడా 3 శాతం కడుతూనే ఉంటారు.

అద్దె విషయంలో ఈ వరస బాగా కరుస్తుంది. ఇల్లు ముందు కావాలి, బ్యాంకు ఖాతా చివర్లో వస్తుంది, మన కార్డుతో యజమానికి పంపలేం. పైగా చాలాచోట్ల అడిగేది ఒక నెల అడ్వాన్సు, మూడు నెలల అద్దె, అంటే నాలుగు నెలల డబ్బు ఒక్కసారి. దీనికి మూడు దారులున్నాయి. మొదటి నెల హోటల్లోనో కంపెనీ ఇచ్చిన గదిలోనో ఉండి ఖాతా వచ్చాక ఇల్లు తీసుకోవడం, ఏటీఎంలో రెండు మూడు రోజులు విడతలుగా తీసి నోట్లు లెక్కపెట్టి ఇవ్వడం, కంపెనీ చేత కట్టించి జీతంలో కోయించుకోవడం. మొదటిదే మేలని మా అభిప్రాయం. నోట్లు ఇస్తే రశీదు మీద వేలిముద్రతో సహా రాయించుకోండి. సాన్యాలో చేరే నెల కూడా చూసుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా ఉత్తరాది చలి భరించలేక పెద్దవాళ్ళు గుంపులుగా దిగుతారు, వాళ్ళని అక్కడ వలసపక్షులనే పిలుస్తారు. ఆ నెలల్లో అద్దెలు ఆకాశానికి అంటుతాయి. ఎండాకాలంలో ఏడాది ఒప్పందం రాయించుకుంటే అదే ఇల్లు చాలా తక్కువకి వస్తుంది.

ఇక రోజువారీ వాడకం. ఇక్కడ అలీపేకి వంక పెట్టడం కష్టం. రెండు పద్ధతులున్నాయి, గోడ మీది బొమ్మని మీరు స్కాన్ చేయడం ఒకటి, మీ ఫోన్‌లోని గీతల బొమ్మని కొట్టువాడు స్కాన్ చేయడం ఇంకోటి. సూపర్‌మార్కెట్లలో, టిఫిన్ సెంటర్లలో రెండోది. ఆ గీతల బొమ్మ కాసేపటికోసారి మారిపోతూ ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఎవరికీ పంపకూడదు, ఎవరి దగ్గరుంటే వాళ్ళు మీ డబ్బు కట్టించుకోగలరు.

కూరల మార్కెట్ ఎంవీపీ రైతుబజారు లాంటిదే. నేల తడి, కొత్తిమీర వాసన, బుట్టల్లో తోటకూర, బచ్చలి, బీరకాయ, కాకరకాయ, బెండకాయ. బోర్డు మీద 6 అని ఉంటే అది కిలో ధర అనుకోకండి. అది జిన్ ధర, జిన్ అంటే అర కిలో. మీరు కిలో తీసుకుని 6 కొట్టారంటే అమ్మే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి త్రాసు వైపు చూపిస్తుంది. చైనా పద్ధతిలో మొత్తాన్ని మీరే టైపు చేయాలి చాలాచోట్ల, కాబట్టి త్రాసు తెర మీది చివరి అంకె చూసి కొట్టండి. కొట్టిన మరుక్షణం బల్ల కింది పెట్టె పలుకుతుంది: "జీఫూబావ్ దావ్‌జాంగ్", వెనకాలే అంకె, యువాన్. జీఫూబావ్ అంటే అలీపే, దావ్‌జాంగ్ అంటే ఖాతాలో పడిందని. మన కిరాణా కొట్టులో పెట్టె పలికినట్టే. ఆ అంకెలు వింటూ ఉంటే నెలరోజుల్లో చైనీస్ లెక్క దానంతటదే వచ్చేస్తుంది, ఏ క్లాసూ అక్కర్లేదు.

బియ్యం కొనేటప్పుడు చిన్న సూచన. పొట్టిగా గుండ్రంగా మెరిసేవి ఈశాన్య చైనా బియ్యం, ముద్దగా అంటుకుంటాయి, పప్పన్నానికి పనికిరావు. సీమియావ్ అనే సన్న పొడుగు బియ్యం సోనామసూరికి దగ్గరగా ఉంటుంది. కందిపప్పు మార్కెట్లో దొరకదు, పొట్టు తీసిన పెసరపప్పు, ఎర్రపప్పు తావ్‌బావ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో తెప్పించుకోవచ్చు. చింతపండు గురించి బెంగ అక్కర్లేదు, సాన్యా నగర వృక్షమే చింతచెట్టు. హైనాన్ పసుపుపచ్చ మిరపకాయ పచ్చడి సీసాలో దొరుకుతుంది. కారం గుంటూరుని మరిపిస్తుంది, అందుకని చెంచాతో కాదు, చెంచా కొసతో మొదలుపెట్టండి.

అలీపే లోపలే చిన్న యాప్‌లు ఉంటాయి. దీదీ ట్యాక్సీ అందులో ఇంగ్లీషులో నడుస్తుంది. బండి వచ్చినప్పుడు నంబరు ప్లేటు చివరి నాలుగు గుర్తులు చూసుకోండి. మొదట ఉండే చైనీస్ అక్షరం దీవి మొత్తానికి ఒకటే, దాని పక్కన ఏ ఉంటే హైకోవ్, బీ ఉంటే సాన్యా. రైలు టిక్కెట్టుకి 12306 యాప్‌లో పాస్‌పోర్టుతో ఖాతా తెరిచి, డబ్బు అలీపేతో కట్టవచ్చు. దీవి చుట్టూ తిరిగే హైస్పీడ్ లైను 2015 డిసెంబరు 30న పూర్తయింది, పొడవు 653 కిలోమీటర్లు, హైకోవ్ నుంచి సాన్యా తూర్పు వైపు నుంచి రెండు గంటల్లోపే. టిక్కెట్టు కొనేటప్పుడు కొట్టిన పేరే మళ్ళీ సమస్య అవుతుంది. ఆటోమేటిక్ గేటు దగ్గర ఆగిపోతే పక్కన మనిషి ఉన్న గేటుకి పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళండి.

కరెంటు బిల్లుకి యజమాని దగ్గర సర్వీసు నంబరు తీసుకుని ఒకసారి నమోదు చేస్తే చాలు. చేరిన రోజు మీటరు రీడింగుని ఫొటో తీసుకోవడం మర్చిపోకండి, పాత బాకీ మీ నెత్తిన పడకుండా.

చిన్న యాప్‌లు ఎక్కువగా చైనీస్‌లోనే ఉండటం అలీపేలో పెద్ద లోటు. అనువాదం బొత్తం ఉంది గానీ అది తెర మీది అక్షరాలనే మారుస్తుంది, బొమ్మలో రాసిన అక్షరాల్ని వదిలేస్తుంది. తగ్గింపుల షరతులన్నీ ఆ బొమ్మల్లోనే ఉంటాయి. రెండో లోటు, కొత్త ఖాతాని అనుమానంగా చూస్తుంది. తెరిచిన రోజే పెద్ద మొత్తం కట్టబోతే ఆపేస్తుంది. మొదటి నాలుగైదు రోజులు టీ, బన్ను, బస్సు లాంటి చిన్న చెల్లింపులు చేసి తర్వాత పెద్దవి మొదలుపెట్టండి. ఆగిపోతే సహాయానికి 95188. అలీపే మనుషులమని మీకే ఫోన్ చేసి తెర చూపించమంటే మాత్రం పెట్టేయండి, అది మోసం.

వీచాట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అలీపే ఒక్కటే చాలదు. చెల్లింపు రుసుములు రెంటికీ దాదాపు ఒకటే. కానీ ఇంటి యజమాని, ఆఫీసు, బడి, అపార్టుమెంటు వాచ్‌మన్ అందరూ వీచాట్‌లోనే మాట్లాడతారు. మన దేశంలో 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి, కాబట్టి అక్కడికి చేరి చైనా నంబరు వచ్చాకే తెరవాలి. కొత్త ఖాతాకి చాలాసార్లు పాత వాడకందారు ఒకరు వచ్చి స్కాన్ చేసి ఈ మనిషి నిజమేనని చెప్పాలి. ఆఫీసులో చేరిన రోజే ఎవరినైనా అడిగి ఆ పని ముగించుకోండి. మా లెక్కలో మాటలకి వీచాట్, డబ్బుకి అలీపే. విదేశీయుడి ఖాతాని ఇంగ్లీషులో నడపడం అలీపేలోనే తేలిక.

తుపాను రోజుల్లో ఈ యాప్‌లేవీ అక్కరకి రావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక వైజాగ్‌లో కరెంటు లేక, టవర్లు లేక, ఏటీఎంలు మూతపడి, నీళ్ళ క్యాను కొనడానికి నోటు కోసం వెతుక్కున్న రోజులు గుర్తున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. హైనాన్‌లో 2024 సెప్టెంబరు 6న యాగీ తుపాను వెన్‌చాంగ్ దగ్గర తీరం దాటింది. హైకోవ్‌లో చెట్లు, కరెంటు తీగలు, నీళ్ళు, నెట్‌వర్కు అన్నీ దెబ్బతిన్నాయి. హుద్‌హుద్ నాటికి మన చేతిలో నోట్లుండేవి. అక్కడ ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. జులై నుంచి అక్టోబరు దాకా ఇంట్లో 500 యువాన్లు చిన్న నోట్లలో, నిండుగా ఛార్జయిన పవర్ బ్యాంకు, నాలుగు రోజుల తాగునీరు ఉంచండి. ఆ వారంలో ఆన్‌లైన్ సరుకు మీద ఆశ పెట్టుకోకండి. దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య వంతెన లేదు, రైలు పెట్టెలు కూడా ఓడ ఎక్కి రావాల్సిందే. తుపానుకే కాదు, వసంతంలో జలసంధి మీద పొగమంచు కమ్మినా ఓడలు ఆగిపోతాయి.

జీతం అలీపేలో కనిపిస్తున్నా దాన్ని అక్కడి నుంచే మన ఇంటికి పంపేయొచ్చని అనుకోకండి. బ్యాంకుకి వెళ్ళి ఉద్యోగ ఒప్పందం, పన్ను కట్టిన ధ్రువపత్రం చూపిస్తే డాలర్లలోకి మార్చి పంపుతారు. ఆదాయపు పన్ను యాప్‌లో ప్రతినెలా ఆఫీసు కట్టిన పన్ను మీ పేరు మీద పడుతోందో లేదో చూసుకుంటూ ఉండండి, ఆ యాప్‌లోనూ పేరు అదే రూపంలో ఉండాలి.

చివరగా పాస్‌పోర్టు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు. హైనాన్ మన గ్వాంగ్‌జో కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. కొత్త పాస్‌పోర్టు వస్తే నంబరు మారిపోతుంది, నాలుగు అంశాల్లో ఒకటి తప్పిపోయినట్టే. ముందు నివాస అనుమతిని కొత్త పాస్‌పోర్టు మీదకి మార్పించండి, తర్వాత బ్యాంకు, తర్వాత సిమ్, ఆ తర్వాతే అలీపే, రైలు యాప్. ఈ వరస తిరగేసి ముందు అలీపేలో నంబరు మారిస్తే బ్యాంకులో పాత నంబరుతో పొంతన కుదరక కార్డు ఊడిపోతుంది. ఈ పనులన్నీ అయ్యేదాకా మూల కత్తిరించిన పాత పాస్‌పోర్టుని కూడా ప్రతి కౌంటర్‌కీ పట్టుకెళ్ళండి, పాత నంబరు మీదేనని చూపించేది అదొక్కటే.